ఆరు నెలల దాహం

పక్కింట్లో పురుడు వచ్చింది. బిడ్డను చూడడానికి నర్సమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, తేనె వద్దు, చక్కెర నీళ్లు వద్దు, ఉత్త నీళ్లు కూడా వద్దు అని. పక్కింటామె నా వైపు తిరిగి, "ఏమక్కా, మీ వియ్యపురాలు ఉండింటే ఈయమ్మను ఇట్ల చెప్పనిచ్చునా?" అంది. అందరూ నవ్వారు. నర్సమ్మకు కూడా ఆమె తెలుసు కాబట్టి ఆమె కూడా నవ్వింది.

మా వియ్యపురాలు పోయి అప్పటికి నెల కూడా కాలేదు. నవ్వినందుకు నేనేమీ అనుకోలేదు. ఆమె పేరెత్తితే మా ఊళ్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నీళ్లే. కానీ పక్కింటామె అడిగినదానికి అరుగు మీద కూర్చుని ఒక్క మాటలో జవాబు చెప్పలేను. అందుకని రాస్తున్నాను.

మనం మనిషిని చూస్తే ముఖం చూస్తాం. ఆడవాళ్లమైతే మెడ, చెవులు కూడా చూస్తాం. ఆమె పెదాలు చూసేది. మా ఇంట్లో ఉన్నన్నాళ్లు గడపలోకి ఎవరు వచ్చినా, వాళ్లు నోరు తెరవకముందే పెదాల వైపు ఒకసారి చూసి లోపలికి పోయి చెంబుతో వచ్చేది. "ముందర నీళ్లు తాగు. మల్లా చెప్పు." ఈ మాట చుట్టానికీ ఒకటే, పాలబండి వాడికీ ఒకటే, పట్టుగూళ్లు బేరం చేసేవాడికీ ఒకటే. ఒకరోజు కరెంటు మీటరు చూసే అతను తొందరలో ఉన్నాడు.

"వద్దమ్మా, ఇంగా శానా ఇండ్లు ఉండాయి."

"ఉండనీ అప్పా. ఆ ఇండ్లల్లో నీళ్లు ఇస్తారో లేదో, తాగిపో."

అతను తాగి, మీటరు చూడకుండానే పోయాడు. గుర్తొచ్చి సగం వీధి నుంచి తిరిగి వచ్చాడు. ఆమె మళ్లీ చెంబు ఇచ్చింది. అతను మళ్లీ తాగాడు.

ఆమె పుట్టిందీ మెట్టిందీ కెజిఎఫ్ బంగారు గనుల లైన్లలోనే. తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి గనిలో పనికి వచ్చిన కుటుంబం. మాటలో తెలుగు ఎంతో అరవం కూడా అంతే ఉండేది. లైనిళ్లంటే ఒకదానికొకటి అతికించినట్టు ఉండే ఒంటిగది ఇళ్లు. వీధికంతా ఒకటే కొళాయి. బిందెలు వరసలో పెట్టి, తమ బిందెను కళ్లతో పట్టుకుని కూర్చోవడమే అక్కడి ఆడవాళ్ల సగం బతుకు అని చెప్పేది. భర్త షిఫ్టు ముగించి షాఫ్టు నుంచి పైకి వచ్చేసరికి దుమ్ముతో పెదాలు తెల్లగా ఉండేవట. ఇల్లు చేరి చెంబెడు నీళ్లు తాగేదాకా ఆయన నోట మాట వచ్చేది కాదట. పెదాలు చూసే అలవాటు అక్కడే పట్టుకుని ఉండాలి. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో ఎప్పుడో పోయాడు. గని కూడా మూతపడింది. అలవాటు మాత్రం ఉండిపోయింది.

సంబంధం మాట్లాడడానికి మొదటిసారి బేతమంగళ పక్కనున్న మా ఊరికి వచ్చినప్పుడు ఆమె మా ఇల్లు చూడలేదు. పొలం ఎంత అని అడగలేదు. చెరువు యాడ ఉండాదని అడిగింది. తీసుకుపోయి చూపిస్తే కట్ట మీద నిలబడి చేతులు జోడించింది. "ఈ నీళ్లే వదినా, పైపులో వచ్చి మమ్మల్ని బతికించినాయి. ఎట్ల ఉంటాదో ఇన్నేండ్లకి చూస్తి." ఆ తర్వాత సంబంధం విషయం ఆమె పెద్దగా మాట్లాడలేదు. నీళ్లున్న ఊరు కాబట్టి పిల్లను ఇచ్చినట్టు నాకు ఇప్పటికీ అనుమానం.

పొదుపులో నన్ను మించిన ఆడమనిషిని నేను చూసింది ఆమెనే. రాగులు కడిగిన నీళ్లు పారబోయదు, వాటితో గిన్నెలు తొలుస్తుంది. ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు. తను స్నానం చేసేది ఒక చిన్న బక్కెట్టుతో, అందులోనూ కాస్త మిగిల్చి బయటికి వచ్చేది. తన ఒంటి మీద పోసుకునే దగ్గర అంత పీనాసి, ఒకరి గొంతులో పోసే దగ్గర మాత్రం చెయ్యి ఆగదు. నాకు మొదటిది నచ్చింది. రెండోదానికి ఖర్చు లేదు కాబట్టి ఊరుకున్నాను.

నాలుగేళ్ల కింద మా కోడలికి కాన్పయింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం పద్ధతి. కానీ ఆ ఏడు లైన్లలో కొళాయి రావడం మానేసింది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బాలింత ఇంట్లో నీళ్లు లేకుంటే ఎట్లా అని ఆసుపత్రి నుంచి బిడ్డనూ తల్లినీ నేరుగా మా ఇంటికే తెచ్చుకున్నాం. వాళ్లతోపాటు ఆమె కూడా వచ్చింది. కూతురి పురుడు వియ్యాలవారింట్లో పోయడం ఆమెకు తలవంపు. మొదటి వారం మంచం మీద కూర్చోలేదు. కూర్చోమంటే, "పర్వాలేదు వదినా, గోడ ఉండాది కదా," అని గోడకు ఆనుకునేది.

ఆసుపత్రిలో చెప్పి పంపించారు, ఆరు నెలలు తల్లిపాలే అని. మా కాలంలో వస అరగదీసి నాకించేవాళ్లం, ఆముదం పట్టేవాళ్లం, చక్కెర నీళ్లు పోసేవాళ్లం. బతికిన పిల్లలు బతికారు. ఈ కొత్త మాటలో ఏదీ కొనే పని లేదు, కాచే పని లేదు, కడిగే పని లేదు. కాబట్టి నాకు వెంటనే నచ్చింది. ఆమె కూడా తేనె వద్దంటే సరే అంది. డబ్బా పాలు వద్దంటే సరే అంది. నీళ్లు వద్దన్నప్పుడు మాత్రం ఆసుపత్రిలో ఆ మాట చెప్పిన నర్సు అమ్మాయి పెదాల వైపు చూసింది. తర్వాత నాతో, "పావం, చిన్న పిల్ల. తెలియక చెప్పినాది," అంది.

చలి ఉన్నన్నాళ్లు గొడవ లేదు. ఎండ ముదిరాక మొదలైంది. బిడ్డ నిద్రలో నోరు చప్పరిస్తే చాలు, ఆమె వచ్చి చిటికెన వేలితో కింది పెదవి నొక్కి చూసేది. "ఎండిపోయి ఉండాది వదినా."

"పాలు తాగి ఇప్పుడే కదా పడుకునింది."

"పాలు అన్నం లెక్క. అన్నం తిన్నాక నువ్వు నీళ్లు తాగవా?"

నేను మూతి ఉన్న చిన్న ఉగ్గుగిన్నెను తీసి పెట్టెలో పెట్టి తాళం వేశాను. మరునాడు పైట కొంగు ఒక మూల ఎప్పుడూ తడిగా ఉండడం గమనించాను. ఏమిటని అడిగితే, చెయ్యి తుడుచుకున్నానంది. చెయ్యి తుడుచుకునే మనిషి కొంగును బిడ్డ నోటి దగ్గర ఎందుకు పెట్టుకుంటుంది? అప్పటి నుంచి ఆమె ఏ గదిలోకి పోతే నేనూ ఆ గదిలోకి పోయేదాన్ని. ఇద్దరు ముసలివాళ్లం ఒకరి వెనక ఒకరం ఇల్లంతా తిరుగుతుంటే మా కోడలు, "అత్తా, మీరిద్దరూ ఏమన్నా పోగొట్టుకున్నారా?" అని అడిగింది.

అదే రోజుల్లో మా ఇంట్లో పట్టుపురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. పురుగు పొర విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉంటుంది. దాన్నే జ్వరమంటాం. పురుగులు పెంచే ఇళ్లల్లో తడి మల్బరీ ఆకును చూస్తే పామును చూసినట్టు చూస్తాం. వాన పడితే ఆకును ఆరబెట్టి, గుడ్డతో తుడిచి మరీ వేస్తాం. పురుగుకు నీళ్లు ఎవరూ పోయరు. దానికి కావలసిన నీళ్లు ఆకులోనే ఉంటాయి.

ఒక మధ్యాహ్నం నేను ఆకు కోసుకుని వచ్చేసరికి పురుగుల గదిలో ఆమె చెంబుతో నిలబడి ఉంది. తట్టల మీద చేత్తో నీళ్లు చిలకరిస్తోంది.

"ఏం చేస్తాండావు వదినా?"

"అన్నీ తలలు ఎత్తుకుని చూస్తాండాయి. ఎండకి గొంతు ఎండిపోయింది వాటికి. మేత కూడా ముట్టుకోలేదు చూడు."

పట్టుపురుగు పెదాలు ఆమెకు ఎట్లా కనిపించాయో నాకు తెలియదు. నేను చెంబు తీసుకుని బయట పెట్టాను. అరవలేదు. అరిచినంత మాత్రాన పురుగులు బతకవు కదా. తడిసిన తట్టల్లో పురుగులు మెత్తబడి, నల్లబడి, వాసన వచ్చాయి. అవన్నీ తీసి గుంటలో పూడ్చాం. గుంట ఆమే తవ్వింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మరునాడు ఆకు తరగడానికి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. చెప్పడానికి ఇదే సమయమని నేను మొదలుపెట్టాను. "చూసినావు కదా. దాని నీళ్లు దాని మేతలోనే ఉండాయి. పైన పోస్తే చచ్చిపోతాది. బిడ్డకైనా అంతే."

"పురుగు వేరే, బిడ్డ వేరే వదినా."

చాలాసేపు ఆకు తుంచింది. తర్వాత తలెత్తకుండానే చెప్పింది. మా కోడలికి ముందు ఆమెకు ఒక కొడుకు పుట్టాడట. పాకే వయసు కూడా రాలేదు. ఇట్లాంటి ఎండల్లోనే బేదులు పట్టుకున్నాయి. అత్త, అమ్మ, లైన్లో పెద్దవాళ్లు అందరూ ఒకే మాట చెప్పారు. కడుపుకు ఏమీ పడనివ్వకూడదు, పాలు వద్దు, నీళ్లు వద్దు, కడుపు ఎండితే బేది కట్టుకుంటుందని. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆమె అట్లాగే కూర్చుంది.

"నా చెయ్యి నాకినాడు వదినా. చెమట ఉన్నింది కదా, ఆ తడికి. నాకుతానే ఉన్నాడు. నేను చెయ్యి తీసేసినాను, అది కూడా కడుపులోకి పోతాదేమో అని." ఒక ఆకు తీసి, ఈనె చీల్చి పక్కన వేసింది. "షిఫ్టు సైరను కూసినప్పుడు ఇంగా ఉండాడు. వాళ్ల నాయన ఇంటికి వచ్చేలోపల లేడు."

నేను ఆకు తరిగాను. ఆ పూట ఆమె ఏ గదిలోకి పోయినా నేను వెనక పోలేదు.

అట్లా వదిలేయడం వల్ల ఏమైందో అంగన్‌వాడీలో తూకం వేసినప్పుడు తెలిసింది. బిడ్డ బరువు పోయిన నెల ఎక్కడుందో అక్కడే ఉంది. మా కోడలు అప్పటికే పాలు తగ్గాయని దిగులు పడుతోంది. నర్సమ్మ ముల్లు చూసి, బిడ్డను చూసి, మా ముగ్గురినీ చూసింది.

"పైన ఏమన్నా పడతాండారా?"

మా కోడలు లేదంది. నేను మా వియ్యపురాలి వైపు చూడలేదు. ఆమే ముందుకు వచ్చింది. "నేను పోస్తాండాను. మజ్జానం పూట, నీళ్లు. కాంచి, ఆర్చిన నీళ్లే."

కూతురు, "అమ్మా," అంది, అంతే.

నర్సమ్మ కోప్పడలేదు. పిడికిలి మూసి చూపించింది. "వీడి కడుపు ఇంతే అమ్మా. అందులో నువ్వు నీళ్లు పోస్తే పాలకు చోటు యాడ ఉంటాది? నీళ్లతో కడుపు నిండినవాడు తల్లి దగ్గర చప్పరించడు. వాడు చప్పరించకపోతే పాలు ఊరవు. పాలల్లో ఉండేదంతా శానా వరకు నీళ్లే. దాహమయినా వాడికి అదే, ఆకలయినా అదే."

"ఈ ఎండకి కూడానా?"

"ఈ ఎండకి కూడా. అడిగినప్పుడంతా ఇయ్యాల. గుడ్డలు బాగా తడుపుతాండాడంటే వాడికి నీళ్లు చాలినట్టే."

ఆమె ఇంకొకటి అడిగింది. "బేదులయితే?"

"అప్పుడూ పాలే. ఇంగా ఎక్కువ ఇయ్యాల. ఇచ్చుకుంటానే ఆసుపత్రికి తీసుకుపోవాల. పాలు ఆపనే కూడదు."

"ఆపకూడదు?"

"ఆపకూడదమ్మా. ఆపితేనే బిడ్డ ఎండిపోతాడు."

ఆమె ఎందుకు అడిగిందో నర్సమ్మకు తెలియదు. తూకపు సంచి మడుచుకుంటూ చెప్పింది. అంగన్‌వాడీ నుంచి మా ఇంటికి నడిచినంత దూరమూ మా వియ్యపురాలు ఎదురుగా వచ్చినవాళ్ల పెదాలు చూడలేదు. ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాను. తాగలేదు.

మరునాటి నుంచి ఆమె తీరు మారింది. తల్లికి నీళ్లు తక్కువైతే పాలకు ఇబ్బంది అని నర్సమ్మ మా కోడలితో అన్న మాట ఒకటి పట్టుకుంది. బిడ్డ తల్లి ఒళ్లోకి పోవడం, ఈమె చెంబుతో ఎదుట నిలబడడం. తాగేదాకా కదలదు.

"అమ్మా, ఇప్పుడే కదా తాగినాను."

"తాగు. నీకు కాదు."

"నేనేమన్నా బోరుబావినా, నువ్వు పోసేకొద్దీ పట్టేదానికి?"

"బోరుబావిలో ఎవరూ నీళ్లు పొయ్యరు. మాట్లాడకుండా తాగు."

బిడ్డ గుడ్డలు ఉతికే పని ఎవరికీ ఇవ్వలేదు. తడిసిన గుడ్డను తీసి, వెలుతురులో పట్టి, ఎంత మేర తడిసిందో చూసి గానీ నీళ్లలో వేసేది కాదు. ఉతికి దండెం మీద పక్కపక్కనే ఆరేసేది. మేము వాన కోసం ఆకాశం చూసినట్టు ఆమె దండెం చూసేది. దండెం నిండుగా ఉంటే ఆ పూట సంగటి కాస్త ఎక్కువ తినేది. పక్కింటామె, "ఏమి పెద్దమ్మా, తోరణాలు కట్టినావు," అంటే, "ఒంటికి పోస్తాండాడు," అని గొప్పగా చెప్పేది, ఎవరో పరీక్ష పాసైనట్టు.

బరువు కదిలింది. కానీ ఎండ ఇంకా పోలేదు. ఒక మధ్యాహ్నం కరెంటు లేదు. కోడలు పొలంలో బోరు దగ్గరికి దుప్పట్లు ఉతకడానికి పోయింది. బిడ్డ నిద్రపోతుంటే వియ్యపురాలు పక్కన కూర్చుని విసురుతోంది. నేను లోపల రాగులు ఏరుతున్నాను. బిడ్డ లేచి ఏడవడం వినిపించింది. తర్వాత ఏడుపు ఆగిపోయింది. ఎందుకు ఆగిందా అని తలుపు దగ్గరికి వచ్చి చూశాను.

బిడ్డ ఆమె ఒళ్లో ఉన్నాడు. ఆమె ముంజేతిని నాకుతున్నాడు. ఆమె ఒళ్లంతా చెమట. పక్కనే కుండ, కుండ మీద చెంబు, చేతికి అందే దూరంలో. నేను కదలలేదు. పోస్తే పోయనీ అనుకున్నాను, ఆ ఒక్కసారికి. ఆమె చెంబు తీసుకుంది, కుండలో ముంచింది. ముంచిన చెయ్యి అట్లాగే ఉంది. ఆమె పెదాలు తెల్లగా ఉన్నాయి.

తర్వాత లేచింది. చెంబులో నీళ్లతో పైట తడిపి, పిండి, బిడ్డ తల మీద కప్పింది. చెంబు మళ్లీ నింపుకుని, ఒక చేతిలో బిడ్డ, ఒక చేతిలో చెంబు, చెప్పులు వేసుకోకుండా గడప దాటింది. నా పక్క నుంచే పోయింది, నన్ను చూడలేదు. నేను ఆమె చెప్పులు తీసుకుని వెనక పోయాను. ఆ ఎండలో మల్బరీ తోట గట్టు మీద ఆ మనిషి అంత వేగంగా నడవగలదని నేను ఎప్పుడూ అనుకోలేదు. చెంబులో నీళ్లు తొణుకుతుంటే మాత్రం నడక తగ్గించి, సర్దుకుని, మళ్లీ వేగం పెంచేది.

బోరు దగ్గర కూతురి చేతిలో బిడ్డను పెట్టింది. "చెయ్యి నాకినాడు. పాలియ్యి."

కోడలికి ఆ కథ తెలుసో లేదో నాకు తెలియదు. తల్లి ముఖం చూసి, సబ్బు చేతులు చీరకు తుడుచుకుని, గట్టు మీదనే కూర్చుని బిడ్డను తీసుకుంది. బిడ్డ గుటకలు వేసే చప్పుడు మాకు వినిపిస్తోంది. మా వియ్యపురాలు అటు చూడలేదు, మల్బరీ తోట వైపు తిరిగి నిలబడింది. గుటకలు వింటున్నంతసేపూ ఆమె తల కొంచెం కొంచెంగా ఊగుతోంది. కాసేపటికి చెంబు కూతురికి అందించి, "తాగు," అంది. ఈసారి కూతురు మారు మాట్లాడకుండా తాగింది. నేను చెప్పులు ఆమె ముందు పెట్టాను. "ఎందుకు తెచ్చినావు వదినా, ఎండలో," అని నన్నే కోప్పడింది.

ఆరు నెలలు నిండేసరికి వానలు పడ్డాయి. రాగులు నానబెట్టి, మూటకట్టి, మొలకలు వచ్చాక ఆరబెట్టి, తిరగలిలో విసిరి, పలచటి గుడ్డలో జల్లించి ఆ పిండితో సరి కాచాను. బిడ్డల మొదటి తిండి మా వైపు అదే. ముందు నీళ్లు ఎవరు పడతారని ఎవరూ అడగలేదు. నేను పెట్టె తాళం తీసి ఉగ్గుగిన్నె ఆమె చేతికిచ్చాను.

ఆమె దాన్ని కాచిన నీళ్లతో కడిగింది. కాచి చల్లార్చిన నీళ్లు కొంచెం పోసి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసుకుంది. బిడ్డను తూర్పు ముఖంగా పట్టుకోమంది. గిన్నె మూతిని వాడి పెదవికి ఆనించి, ఒక్క చుక్క పడేటట్టు వంచింది. బిడ్డ నాలుకతో తడిమి చూశాడు. ముఖం ముడిచాడు. నీళ్లు గడ్డం మీదికి కారాయి. ఆమె ఇంకో చుక్క పోసింది. వాడు తల తిప్పేసి తల్లి రవికె పట్టుకుని లాగాడు.

కోడలు నవ్వింది. గుమ్మంలో చూస్తున్న పక్కింటామె కూడా నవ్వింది. మా వియ్యపురాలు గిన్నె పట్టుకుని అట్లాగే వాడిని చూస్తూ ఉంది. వాడి కింది పెదవి తడిగా, ఎర్రగా మెరుస్తోంది.

"వీడికి దాహం లేదు," అంది. మాలో ఎవరితోనూ కాదు. "ఇన్ని నాళ్లూ లేదు."

గిన్నెలో మిగిలిన నీళ్లను తన నోట్లో పోసుకుని, మింగి, గిన్నె బోర్లించింది.

"ఇంగ సరి పెట్టు వదినా," అంది. "ఆరిపోతాది."